లక్ష డాలర్లు, ఒకే గ్యారేజీ: పోర్షే 993 కొనాలా, ఎన్ఎస్ఎక్స్ కొనాలా?

నైల్స్ కాన్యన్ (ఫ్రీమాంట్)

ఇరవై రెండేళ్లుగా టొయోటా తప్ప మరో కారు ఎరుగనివాడిని. పెద్దమ్మాయి చదువు అయిపోయింది, ఇంటి అప్పు తీరింది. ఇప్పుడైనా మనసుకు నచ్చిన స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కుంటానంటే మా ఆవిడ ఒక్క షరతు మీద ఒప్పుకుంది. పదేళ్ల తర్వాత అమ్మేనాటికి పెట్టిన డబ్బు వెనక్కి రావాలట.

వెతగ్గా వెతగ్గా రెండు మిగిలాయి. ఒకటి 1997 పోర్షే 911 కరేరా. 993 తరం, గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న చివరి 911. ఆరు గేర్లు, 41 వేల మైళ్లు తిరిగింది, లక్షా పదివేలు చెబుతున్నారు. రెండోది 1991 అక్యూరా ఎన్ఎస్ఎక్స్, హోండావాళ్లదే. ఐదు గేర్లు, ఎర్ర రంగు, 88 వేల మైళ్లు, డెబ్బై వేలు చెబుతున్నారు.

ఆదివారం పొద్దున నైల్స్ కాన్యన్ మీదుగా ఒక చుట్టు, నెలకోసారి మౌంట్ హామిల్టన్ ఎక్కి లిక్ అబ్జర్వేటరీ దాకా. నేను తిప్పేది అంతే, ఏడాదికి మూడు వేల మైళ్లు. నడపడానికి హాయిగా ఉండి, విలువ కూడా నిలబెట్టుకునేది ఏది?

లెక్కల మాస్టారు (ఫ్రిస్కో, టెక్సాస్)

కారు కొనండి, నేను వద్దనను. పెట్టుబడి అన్న మాట మాత్రం ఉపసంహరించుకోండి.

2010 ప్రాంతంలో ఈ రెండు కార్లూ నలభై వేల డాలర్లకు దొరికేవి. ఇవాళ మీకు అనుకూలంగా లక్ష అనుకుందాం. రెండున్నర రెట్లు. అదే 2010 చివర ఎస్ అండ్ పీ 500, అంటే అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ, 1,257 దగ్గర ఉంది, 2024 చివర 5,881. డివిడెండ్లు వదిలేసినా నాలుగున్నర రెట్ల పైమాటే. నలభై వేలు లక్షా ఎనభై ఏడు వేలయ్యేది. పైగా ఆ సూచీ ఇన్నేళ్లలో ఎవరినీ టైర్లు అడగలేదు, నూనె అడగలేదు, బీమా అడగలేదు.

ఇంకొకటి. కారు అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను కట్టాలి. సొంత వాడకానికి కొన్న కారులో నష్టం వస్తే దాన్ని పన్నులో తగ్గించుకోనివ్వరు. లాభంలో ప్రభుత్వం వాటాదారు, నష్టంలో మీరు ఒంటరి.

పాత ఇనుము (శాక్రమెంటో)

మాస్టారూ, మీ సూచీని రెండో గేరులో ఎనిమిది వేల ఆర్‌పీఎం దాకా లాగి చూపించండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

తమ్ముడూ, నా దగ్గర పైకప్పు ఊడదీసే రకం 1995 ఎన్ఎస్ఎక్స్ పన్నెండేళ్లుగా ఉంది, కాబట్టి నా మాటలో పక్షపాతం ఉంది, తీసేసుకుని చదువు. ఒళ్లంతా అల్యూమినియంతో పెద్ద సంఖ్యలో తయారైన మొదటి కారు అది. మూడు లీటర్ల వీ6, కనెక్టింగ్ రాడ్లు టైటానియం, 270 హార్స్‌పవర్. ఇవాళ్టి విద్యుత్ సెడాన్లు సిగ్నల్ దగ్గర దాన్ని వెనక్కి నెట్టేస్తాయి, నిజమే. కానీ ఆ ఇంజిన్ అరుపు నీ వీపుకు అంగుళాల దూరంలో ఉంటుంది. ముందు అద్దం ఎంత పెద్దదంటే రోడ్డు ఒళ్లో పరిచినట్టు కనిపిస్తుంది. ఎఫ్-16 యుద్ధవిమానం కాక్‌పిట్‌ను చూసి ఆ ఆకారం ఇచ్చామని హోండావాళ్లే చెప్పుకున్నారు.

1989లో ఫార్ములా వన్ రేసర్ ఆయర్టన్ సెన్నా జపాన్‌లోని సుజుకా ట్రాక్‌లో దీని నమూనా నడిపి, చట్రం ఇంకా గట్టిగా ఉండాలన్నాడు. గట్టిపరిచారు. అమ్మేవాళ్లు ఈ కథ చెప్పి అయిదు వేలు ఎక్కువ అడుగుతారు, ఇవ్వకు. నాకైతే కార్ల డిజైనర్ గోర్డన్ మర్రే మాట ముఖ్యం. మెక్‌లారెన్ ఎఫ్1 అనే సూపర్‌కారు రూపొందించేటప్పుడు రోడ్డు మీద నడక ఎలా ఉండాలన్నదానికి ఆయన పెట్టుకున్న కొలబద్ద ఈ కారే. పైగా నువ్వు చూస్తున్నది కప్పు కదలని కూపే, ఆ మాటకొస్తే నా దానికన్నా బిగువైనది.

మందారం (శాన్ హోసే)

ఇనుము గారూ, మీరు ఇంజిన్ వీపు వెనక ఉందంటున్నారు. నా 993లో అది వెనక ఇరుసుకు కూడా అవతల వేలాడుతూ ఉంటుంది. సిద్ధాంతం ప్రకారం అది తప్పు. పాత 911లలో మలుపు మధ్యలో భయపడి కాలు తీశారంటే తోక ముందుకు వచ్చేసేది. 993లో వెనక సస్పెన్షన్‌ను మొత్తం మార్చి బహుళ లింకుల అమరిక పెట్టాక ఆ దురలవాటు చాలావరకు పోయింది. మిగిలింది మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు నేలను పట్టుకుని తోసే ఆ బలం. స్టీరింగ్ అయితే రోడ్డు మీది గులకరాళ్లను కూడా లెక్కపెట్టి చెబుతుంది.

గాలితో చల్లబడుతుందని అంటారు గానీ సగం పని నూనెదే. పది లీటర్ల పైన పడుతుంది. కొలవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కాక, సమతలం మీద, నడుస్తుండగానే కొలవాలి. ఇది తెలియక చల్లగా ఉన్నప్పుడు చూసి, తక్కువుందనుకుని నూనె ఎక్కువ పోసేస్తారు.

ఒక హెచ్చరిక. 1996 నుంచి 98 దాకా వచ్చిన 993లలో ఉద్గారాలు తగ్గించడానికి ఇంజిన్ తలలోకి గాలి పంపే సన్నని దారులుంటాయి. అవి మసితో పూడుకుపోతే ఇంజిన్ దీపం వెలుగుతుంది. దీపం వెలిగితే కాలిఫోర్నియాలో రెండేళ్లకోసారి వచ్చే పొగ పరీక్షలో కారు పాసు కాదు. శుభ్రం చేయడానికి ఒక్కోసారి ఇంజిన్ దించాల్సి వస్తుంది. మీరు చూస్తున్నది సరిగ్గా ఆ కాలపు కారే.

లెక్కల మాస్టారు

మా టెక్సాస్‌లో ఇరవై నాలుగేళ్లు దాటిన కారుకు ఆ పొగ పరీక్షే లేదు. ఇక్కడికి వచ్చేయండి.

మందారం

వస్తాం. ఫ్రిస్కోలో మలుపు ఎక్కడుందో చెప్పండి. కాస్ట్‌కో పార్కింగు కాకుండా.

వైజాగ్ వీల్స్ (విశాఖపట్నం)

అడ్డు వస్తున్నాను. రిటైరయ్యాక ఇండియా వస్తే ఆ కారు తెచ్చుకోవచ్చు కదా? ఇక్కడ అయితే భీమిలి బీచ్ రోడ్డు ఉంది.

పాత ఇనుము

తెచ్చుకోలేం. తయారై మూడేళ్లు దాటిన పాత కారును దిగుమతి చేసుకోనివ్వరు, పైగా ఎడమవైపు స్టీరింగు. భీమిలి రోడ్డుకు స్కూటరే హాయి.

నైల్స్ కాన్యన్

అందరికీ కృతజ్ఞతలు. విలువ సంగతి ఇంకా తేలలేదు. ఎన్ఎస్ఎక్స్ పదిహేనేళ్లలో అన్నీ కలిపి పద్దెనిమిది వేల చిల్లర మాత్రమే తయారైంది. 993లు అరవై ఎనిమిది వేల పైచిలుకు. అరుదైనదే పెరగాలి కదా?

మందారం

అరుదుగా ఉండటం వేరు, అడిగేవాళ్లుండటం వేరు. 911 అనే పేరు 1960ల నుంచి ఒక్క ఏడాది కూడా ఆగలేదు. కొత్తది కొన్న ప్రతివాడికీ ఏదో ఒక రోజు పాతదాని మీద మనసు పోతుంది. విడిభాగాలు కంపెనీయే ఇంకా అమ్ముతుంది. ఎన్ఎస్ఎక్స్‌కు కొన్ని భాగాలు ఇక తయారు కావడం లేదు, వాడినవి వెతుక్కోవాలి.

మీ వైపు ఉన్న బలం ఒక్కటే. తొంభైలలో ప్లేస్టేషన్ ముందు కూర్చుని ఎన్ఎస్ఎక్స్ తోలిన పిల్లలకు ఇప్పుడు నలభై దాటాయి, చేతిలో డబ్బుంది. వాళ్లకు అరవై ఐదు వచ్చేదాకా గిరాకీ ఉంటుందని నా అంచనా. ఆ తర్వాత దేవుడెరుగు.

కానీ నేను చెప్పదలచుకున్నది వేరు. పదకొండేళ్ల కిందట నేను నా 993 కొన్నప్పుడు 19 వేల మైళ్లే ఉన్నాయని మురిసిపోయాను. ఆ మైళ్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టాను. ఆ తర్వాత దాన్ని బయటికి తియ్యాలంటే ప్రాణం ఒప్పేది కాదు. వాన వద్దు, మాల్ పార్కింగు వద్దు, లాస్ ఏంజలెస్ దూరం వద్దు. మా అమ్మ పెళ్లి పట్టుచీరను కలరా ఉండలు వేసి బీరువాలో దాచింది. ముప్ఫై ఏళ్లకు నా పెళ్లిలో తీస్తే మడత మడతకూ చిరిగిపోయింది. కార్లకూ అంతే. కదలకపోతే రబ్బరు ఎండిపోతుంది, ట్యాంకులో పెట్రోలు చెడిపోతుంది. నాలుగేళ్ల కిందట విసుగుపుట్టి నడపడం మొదలుపెట్టాను. ఇప్పుడు 46 వేలు. విలువ ఎంత తగ్గిందో చూడటం మానేశాను.

ఈ 41 వేల పోర్షే నా పాత కారు లాంటిదే. మీ బీరువాలో చేరుతుంది. నా కారుకు అన్యాయం చేస్తున్నానేమో గానీ, మీరు ఆ 88 వేల ఎన్ఎస్ఎక్స్ తీసుకోండి.

లెక్కల మాస్టారు

మొదటిసారి ఈ చర్చలో ఒక లెక్క వినిపించింది. ఏడాదికి మూడు వేలు తిప్పితే పదేళ్లకు పోర్షే 71 వేలకు చేరుతుంది. తక్కువ తిరిగిన కారు అని ఇవాళ మీరు కడుతున్న అదనపు ధర మొత్తం మీ చేతుల్లోనే కరిగిపోతుంది. ఎన్ఎస్ఎక్స్ 88 నుంచి 118కి పోతుంది. కొనేవాడి కళ్లకు రెండూ బాగా తిరిగిన కార్లే.

మీ లక్షలో మిగిలే ముప్ఫై వేలను ఆ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండులో వేయండి. ఏడు శాతం చొప్పున అనుకుంటే పదేళ్లకు 59 వేలు. ఏడు కచ్చితంగా వస్తుందని నేను రాసివ్వను. వస్తే మాత్రం కారు 41 వేలకు పడిపోయినా మీ ఆవిడ షరతు నెగ్గుతుంది. పెట్టుబడిని ఫండు చూసుకుంటుంది, కారును కారుగా ఉండనివ్వండి.

పాత ఇనుము

నా పార్టీ గెలిచిందని సంతోషించేలోపు నాకే భయం పట్టుకుంది. ఆ ముప్ఫై వేలు మొత్తం ఫండులో పెట్టకు. అయిదారు వేలు చేతిలో ఉంచుకో తమ్ముడూ. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడకూడదు.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రసీదుతో చూపించమను. పోర్షేలో గొలుసు ఉంటుంది, నీకు ఉండేది బెల్టు. తక్కువ తిరిగినా ఏళ్లు గడిస్తే మార్చాల్సిందే. 1991, 92ల్లో కొన్ని గేర్‌బాక్సుల్లో ఒక స్నాప్ రింగు బలహీనంగా వచ్చింది. అది విరిగితే గేర్‌బాక్సు పెంకే పగులుతుంది. గేర్‌బాక్సు సంఖ్య రాసుకుని, ఆ వరుసలో ఉందేమో, ఉంటే మరమ్మతు జరిగిందేమో కనుక్కో. ఏసీ అన్ని స్థాయుల్లోనూ తిప్పి చూడు, దాని సర్క్యూట్లో కెపాసిటర్లు కారడం మామూలే.

అన్నిటికన్నా ముఖ్యం ఒళ్లు. ఇనుప కారుకు దెబ్బ తగిలితే వీధి చివరి షెడ్డులో సరిచేస్తారు. అల్యూమినియం చట్రాన్ని సరిగ్గా సాగదీయగలిగినవాళ్లు వేళ్ల మీద ఉంటారు. తలుపులు, బానెట్, ఫెండర్ల మీద కారు గుర్తింపు సంఖ్య ఉన్న చిన్న స్టిక్కర్లు ఉండాలి. ఒకటి లేకపోతే ఎందుకు లేదో అడుగు. రెండు లేకపోతే ఇంటికి వచ్చెయ్.

నైల్స్ కాన్యన్

శనివారం పదింటికి చూడటానికి రమ్మన్నారు. మా ఆవిడ కూడా వస్తోంది. ఫొటోలో హెడ్‌లైట్లు కనురెప్పల్లా పైకి లేవడం చూసి నవ్వింది, శుభసూచకమే అనుకుంటున్నాను.

పాత ఇనుము

నువ్వు వెళ్లేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్ చేసి చెప్పు. వెళ్లగానే ఇంజిన్ మూత మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారన్నమాట.

మందారం

కొంటే మొదటి ప్రయాణం లివర్‌మోర్ గుడికే కదా, మీ నైల్స్ కాన్యన్ దారే. నిమ్మకాయలు ముందు టైర్ల కింద పెట్టండి. వెనక టైర్లు ఆ కారుకు ఎలాగూ త్వరగా అరిగిపోతాయి.

నైల్స్ కాన్యన్

ఆవిడ పక్కనే కూర్చుని చదువుతోంది. వెనక డిక్కీలో ప్రసాదం డబ్బా పడుతుందా అని అడుగుతోంది.

పాత ఇనుము

పడుతుంది. కానీ అది ఇంజిన్ వెనకే ఉంటుంది. పులిహోర వేడిగానే ఉంటుంది, పెరుగన్నం మాత్రం ఆవిడ ఒళ్లో పెట్టుకోవాలి.