సొంత మైదానంలో దూకే గుర్రం, కొత్త చోట ఎందుకు మొరాయిస్తోంది?

మా ఆడగుర్రానికి ఐదేళ్లు, హైదరాబాద్‌లో పందేలు మాన్పించిన థరోబ్రెడ్ (పందేల జాతి గుర్రం). మా మైదానంలో 90 సెంటీమీటర్ల అడ్డాలు హాయిగా దూకుతుంది. కొత్త చోట మాత్రం రంగుల పలకలో, అడ్డం కింద నీళ్ల ట్రేనో కనిపిస్తే చాలు, చెవులు నిక్కబొడుచుకుని పక్కకు తప్పుకుంటుంది. స్వారీ చేసేవాళ్ల మడమ కాస్త గట్టిగా తగిలినా టెన్షన్ పడి పరుగందుకుంటుంది. కొరడా సంగతి ఎత్తకండి, దీనికి అసలు పడదు. వెన్ను, పళ్లు, జీను అన్నీ చూపించాం, నొప్పేమీ లేదన్నారు. నేల మీద 1.3 మీటర్లకొక కర్ర పరిచి ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) చేయిస్తే నెమ్మదిస్తుంది. ఎఫ్ఈఐ (అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య) నియమాల్లో అడ్డం ముందు ఒకసారి ఆగితే 4 పెనాల్టీలు, రెండోసారికి బయటికే కదా! కొన్నాళ్లు పోటీలు మాని, వేరే మైదానాలకు ఊరికే తిప్పుకురావాలా? లేక అనుభవమున్న గుర్రం వెనక దూకిస్తే ధైర్యం వస్తుందా? ఇలాంటి సున్నితమైన గుర్రాన్ని దారికి తెచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, మొదట ఏం చేశారో చెప్పండి.