బూజు పట్టిన ఒగ్గుకథ కేసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేదెలా?

అందరికీ నమస్తే. మాది దేవరకొండ. మా తాత దాచుకున్న పాటల పెట్టె ఈ మధ్య నా చేతికొచ్చింది. ఖవ్వాలీలు, హరికథలు, కర్ణాటక సంగీతం, ఉర్దూ గజళ్లు అన్నీ ఉన్నాయందులో. దుకాణంలో కొన్నవి ఎక్కడో ఒకచోట మళ్లీ దొరుకుతాయి. నా టెన్షన్ అంతా మల్లన్న పట్నాలప్పుడు (మల్లన్న దేవుడికి రంగుల ముగ్గులేసి చేసే పూజప్పుడు) తాత స్వయంగా రికార్డు చేసిన ఒగ్గుకథ కేసెట్ల గురించే. వాటికి ఇంకో కాపీ లేదు. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు.

ఒకదాంట్లో టేపు చుట్ట అంచున తెల్లగా బూజు కనిపిస్తోంది. వేస్తే టేపు తెగుతుందేమో, బూజు ప్లేయర్ హెడ్‌కి (టేపును చదివే భాగానికి) అంటుకుని మిగతా కేసెట్లకూ పాకుతుందేమో అని వేయలేదు. ఎలా శుభ్రం చేయాలి? ఇంకోదాంట్లో టేపును హెడ్‌కి ఒత్తే చిన్న మెత్త ఊడిపోయింది. వేరే కేసెట్‌ది తీసి అతికించొచ్చా?

కొన్ని 78 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత లక్క రికార్డులూ ఉన్నాయి. వాటి గాడి వెడల్పుగా ఉంటుంది, తర్వాత వచ్చిన ఎల్పీ రికార్డుల ముల్లు సరిపోదు. సరైన ముల్లుతో, శబ్దాన్ని కుదించే ఎంపీ3 కాకుండా, కుదించని వేవ్ (WAV) ఫైళ్లుగా ఎక్కించేవాళ్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఉన్నారా? హైదరాబాద్‌కైనా తెస్తాను. కానీ కేసెట్లు వదిలేసి రాను, పని అయ్యేదాకా పక్కనే కూర్చుంటాను. మీరు స్వయంగా చేయించుకుని ఉంటే దయచేసి చెప్పండి.