పక్కింటి తాతగారి యుద్ధ జ్ఞాపకాలు రికార్డు చేస్తున్నా, కాస్త సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. మేముండేది న్యూజెర్సీలో. మా పక్కింటి పెద్దాయనకి నూరేళ్లు నిండాయి. యూదుడు. 1944 డిసెంబరులో బెల్జియం మంచులో, రెండో ప్రపంచ యుద్ధంలోని బల్జ్ పోరులో అమెరికా తరఫున పోరాడారు.

మెడలో వేసుకునే సైనికుల బిళ్ల చూపించారు. మతం తెలిపే ‘హెచ్’, అంటే హీబ్రూ, ఉండాల్సిన చోట గీతలే ఉన్నాయి. జర్మన్లకి దొరికితే ఆ ఒక్క అక్షరం చాలని తనే మేకుతో గీకేశారట. ఊరికే భయం కాదది. పట్టుబడ్డ అమెరికన్లలో యూదుల్ని ఏరి మరీ 1945లో జర్మనీలోని బెర్గాలో సొరంగాలు తవ్వడానికి పంపారు.

యుద్ధం గురించి గంటలకొద్దీ చెప్తారు. భార్య మాట రాగానే ఆగిపోతారు. ఆవిడ పోయి మూడేళ్లు. మన ఆబ్దికంలాగే వాళ్లూ ఆ తిథికి 24 గంటలు వెలిగే కొవ్వొత్తి పెడతారు. ఆ రోజు నన్ను పిలిచి ఒక బిస్కెట్ల డబ్బా చేతిలో పెట్టారు. నిండా పెళ్లికి ముందు ఆవిడకి రాసిన వీ-మెయిల్ ఉత్తరాలే, అంటే యుద్ధకాలంలో ఫోటో తీసి చిన్నగా అచ్చేసి అందించిన ఉత్తరాలు! అరచేతిలో పట్టేంత ఫోటో కాగితాలు, అక్షరాలు వెలిసిపోతున్నాయి. స్కానర్ వెలుగు తగిలితే పాడవుతాయా?

ఇవన్నీ మాజీ సైనికుల జ్ఞాపకాలు భద్రపరిచే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టుకి ఇద్దామనుకుంటున్నాం. కనీసం 30 నిమిషాల ఇంటర్వ్యూ కావాలి, దానికేం ఢోకా లేదు. ఆయన్ని సైన్యం నుంచి విడుదల చేసినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితమే ఎక్కడో పోయింది. సైనికుల రికార్డులు దాచే సెయింట్ లూయిస్ కేంద్రంలో 1973 అగ్నిప్రమాదంలో ఆర్మీ ఫైళ్లు చాలా కాలిపోయాయి కదా, కౌంటీ ఆఫీసులో కాపీ తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంకోటి. ఆవిడ గురించి నేనే అడగాలా, ఆయన చెప్పేదాకా ఊరుకోవాలా? మా ఆవిడ అడగొద్దంటోంది. నాకేమో, ఆ డబ్బా ఇచ్చిందే అడగమని అనిపిస్తోంది.