టెక్సస్‌లో కొత్త కారు: డీలర్ దగ్గర కొనాలా, కంపెనీ నుంచి నేరుగా తీసుకోవాలా?

ఫ్రిస్కో_కొత్త:
డల్లాస్ వైపు ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. టొయోటా రావ్4 హైబ్రిడ్, టెస్లా మోడల్ వై, ఈ రెండిట్లో ఒకటి తీసుకోవాలి. టెస్లా అయితే ఫోన్లోనే ఆర్డర్, బేరం లేదు. టొయోటాకి నలుగురు డీలర్లను అడిగితే నాలుగు రేట్లు చెప్పారు. టొయోటా కూడా కంపెనీ నుంచి నేరుగా కొనే దారి ఉందా? మధ్యలో డీలర్ లేకపోతే ఆ డబ్బు మనకు మిగలాలి కదా? హెచ్1బీ మీద ఉన్నాం. పాత హోండా సివిక్ కారు ఒకటి ఇచ్చేయాలి.

రూల్‌బుక్:
టొయోటాకి ఆ దారి లేదండీ. కార్ల కంపెనీ తానే డీలర్‌షిప్ నడపకూడదని టెక్సస్ చట్టం. మోడల్ వై ఆస్టిన్‌లోనే తయారవుతున్నా, ఇక్కడి టెస్లా గ్యాలరీలో (బండ్లు చూపించే చోట) అమ్మకం రాయరు. ఆర్డర్ వెబ్‌సైట్లో పెట్టాలి, కాగితాల మీద వేరే రాష్ట్రం నుంచి కొన్నట్టే లెక్క. రివియన్, లూసిడ్ అనే ఎలక్ట్రిక్ కార్ల కంపెనీలు కూడా నేరుగా అమ్మేవే.

డబ్బు మిగులుతుందన్న లెక్క మాత్రం సరికాదు. షోరూము అద్దె, జీతాలు, డెలివరీ ఖర్చు అప్పుడు కంపెనీ మీద పడతాయి, ధర దాని ఇష్టం. నేరుగా కొంటే ఎవరికైనా ఒకటే రేటు, మోసపోతామన్న బెంగ ఉండదు. డీలర్లయితే ఒకరి మీద ఒకరిని పోటీకి పెట్టొచ్చు. టెస్లాకి పోటీగా పక్క వీధిలో ఇంకో టెస్లా షాపు ఉండదు. తగ్గింపు దొరికితే మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలాఖర్లలో, స్టాకులో ఉన్న బండ్ల మీద చూసుకోవాలి. మీరు బండి తెచ్చుకున్న మర్నాడు రేటు తగ్గినా తేడా వెనక్కివ్వరు. ఆర్డర్ ఫీజు 250 డాలర్లు కూడా తిరిగి రాదు.

టీటీఎల్_లెక్క:
నలుగురు నాలుగు రేట్లు చెప్పారంటే నలుగురూ వేర్వేరు మొత్తాలు చెప్పి ఉంటారు. నెల వాయిదా అడగొద్దు, డిస్కౌంట్ ఎంతనీ అడగొద్దు. ఒక ఫలానా విన్ నంబరు (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) బండికి పన్ను, టైటిల్, లైసెన్సుతో సహా ఔట్ ద డోర్ ధర ఎంతో మెయిల్లో విడివిడిగా రాయమనండి. రాసివ్వని డీలర్‌ని అక్కడితో వదిలేయండి.

వచ్చిన కాగితంలో పన్ను 6.25 శాతం, అది టెక్సస్‌లో ఎక్కడైనా ఒకటే. డాక్యుమెంట్ ఫీజు ఇక్కడ మామూలుగా 225 దాకా ఉంటుంది. ఇన్వెంటరీ టాక్స్ అని ఒక చిన్న లైను కనిపిస్తుంది. అది డీలర్ కట్టాల్సిన పన్ను, మన మీదికి తోస్తారు. దాన్ని తీయరు, కానీ ఆ మేరకు బండి ధర తగ్గించమని అడగొచ్చు.

అసలు దోపిడీ అద్దం మీద ఉంటుంది. కంపెనీ స్టిక్కర్ ఫెడరల్ చట్టం ప్రకారం ప్రతి కొత్త బండికీ ఉండాల్సిందే. దాని పక్కనే ఇంకోటి, అచ్చం అలాంటి అక్షరాలతోనే, అంటించి ఉంటుంది: టైర్లలో నైట్రోజన్, డోర్ ఎడ్జ్ గార్డులు, టింట్, అద్దాల మీద విన్ చెక్కడం, కిందన మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ (ఊరికే పెంచిన ధర). ఈ రెండోది పూర్తిగా డీలర్ సొంతం. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, దానికి వందల డాలర్లు ఇవ్వక్కర్లేదు. "ముందే బిగించేశాం, తీయలేం" అంటే తీయొద్దు, డబ్బు మాత్రం ఇవ్వం అనండి. ఒప్పుకోకపోతే ఆస్టిన్, హ్యూస్టన్ డీలర్లను కూడా అడగండి. పన్ను మారదు, మారేది డ్రైవింగ్ దూరమే.

రెండో తాళం, మ్యాట్లు తర్వాత ఇస్తామంటే వీ-ఓ స్లిప్ (డీలర్ మీకు బాకీ ఉన్నవాటి చీటీ) మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. నోటి మాట పనికిరాదు. సంతకం పెట్టాక మూడు రోజుల్లో వెనక్కివ్వచ్చని చాలామంది అనుకుంటారు. డీలర్ దగ్గర కొన్న కారుకి ఆ హక్కు లేదు.

వడ్డీ_చూసుకో:
లోన్ విషయంలో రెండు జాగ్రత్తలు. బ్యాంకు ఇచ్చే రేటు మీద డీలర్ తన వాటా కలిపి చెప్పొచ్చు. 35,000 డాలర్లు 60 నెలలకు 6 శాతమైతే వాయిదా సుమారు 677, 7.5 అయితే 701. చూడ్డానికి చిన్న తేడా, మొత్తం మీద 1,480 దాటుతుంది. ముందే క్రెడిట్ యూనియన్ దగ్గర ప్రీ-అప్రూవల్ (లోన్‌కి ముందస్తు ఆమోదం) తీసుకుని వెళ్లండి. దానికంటే తక్కువ రేటు ఇస్తేనే డీలర్ లోన్. కొందరు లెండర్లు వీసా గడువు దాటి లోన్ ఇవ్వరు, కాబట్టి ఐ-94 (దేశంలో ఉండే గడువు) తేదీ, ఐ-797 (వీసా ఆమోద పత్రం) దగ్గర పెట్టుకుని ముందే అడగండి.

లోన్ ఖరారు కాకుండానే బండి ఇచ్చి పంపేస్తామంటే మాత్రం వద్దు. వారం తర్వాత "ఆ రేటు రాలేదు, ఎక్కువ వడ్డీకి మళ్లీ సంతకం పెట్టండి" అని పిలుస్తారు. అప్పటికి మీ పాత బండి వాళ్ల దగ్గర ఉంటుంది.

ఇంకోటి. 2025 నుంచి 2028 దాకా, అమెరికాలో అసెంబుల్ అయిన కొత్త కారు లోన్ వడ్డీని ఏడాదికి 10,000 డాలర్ల వరకు పన్ను లెక్కలో ఆదాయం నుంచి తీసేసుకోవచ్చు. జంటగా ఫైల్ చేస్తే 2,00,000 ఆదాయం దాటాక తగ్గుతూ పోతుంది. ఆస్టిన్ మోడల్ వైకి వర్తిస్తుంది. రావ్4 అయితే విన్ చూడండి: 2తో మొదలైతే కెనడా, జె అయితే జపాన్, వాటికి రాదు.

48_ఆంప్స్:
టెస్లా వైపు లెక్కలో ఇవి కలపండి. ఎలక్ట్రిక్ కార్లకి ఉన్న 7,500 డాలర్ల ఫెడరల్ టాక్స్ క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో అయిపోయింది. టెక్సస్‌లో కొత్త ఎలక్ట్రిక్ కారుకి మొదటి రిజిస్ట్రేషన్‌లో అదనంగా 400, తర్వాత ఏటా 200. వాల్ కనెక్టర్ (ఇంట్లో పెట్టుకునే టెస్లా చార్జర్) 48 ఆంప్స్ లాగాలంటే 60 ఆంప్ బ్రేకర్ కావాలి, పాత ఇంటి ప్యానెల్లో చోటుందో లేదో ఎలక్ట్రీషియన్‌కి ముందే చూపించండి. డెలివరీ పగటి పూట పెట్టుకోండి. పెయింట్, తలుపుల సందులు, అద్దాలు చూసి, లోపం ఉంటే యాప్‌లో ఒప్పుకోకముందే ఫొటోతో నమోదు చేయించండి.

ఫ్రిస్కో_కొత్త:
చాలా థ్యాంక్సండీ. సివిక్ సంగతి? పాత కార్లు కొనే కార్‌మ్యాక్స్ 12,600 అంటోంది, టొయోటా డీలర్ 12,000.

టీటీఎల్_లెక్క:
అయితే డీలర్‌కే ఇవ్వండి. ట్రేడ్-ఇన్ విలువ (పాత బండికి డీలర్ కట్టే ధర) పోగా మిగిలిన దాని మీదే పన్ను, అంటే 12,000 మీద 750 తగ్గుతుంది. మీకు అది 12,750తో సమానం. కార్‌మ్యాక్స్ ఆఫర్ ఏడు రోజులు చెల్లుతుంది, దాన్ని చూపించి ఇంకాస్త పెంచమనండి. కొత్త బండి ధర కాగితం మీద తేలేదాకా మాత్రం సివిక్ ఊసెత్తకండి, ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాగేస్తారు.