బొబ్బిలి వీణ మీద "నాటు నాటు" వాయించమంటున్నారు, ఎలా వాయించాలి?

వీణ_ఎంవీపీకాలనీ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. నేను పరవాడ వైపు ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్లో చేస్తున్నాను. ఇంట్లో అమ్మమ్మ వాయించిన బొబ్బిలి వీణ ఉంది. గొల్లపల్లిలో ఒకే పనస దుంగ తొలిచి చేసిన ఏకాండి వీణ. పెళ్ళయ్యేదాకా నేర్చుకున్నాను, వర్ణాలు దాటి కీర్తనల్లోకి వచ్చాను. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే, పిల్లాడు లేవకముందు వాయించుకోవడమే.

ఈ సంగతి మా హెచ్ఆర్ అమ్మాయికి ఎలా తెలిసిందో తెలిసిపోయింది. వార్షికోత్సవం వస్తోంది కదా, "మేడమ్, వీణ మీద నాటు నాటు! అదిరిపోద్ది!" అని పేరు రాసేసుకుంది. నాలుగు నిమిషాలు ఇచ్చారు. మొదట చిరాకేసింది గానీ, నిజం చెప్పాలంటే నాక్కూడా ఉబలాటంగానే ఉంది.

తలుపేసుకుని వాయించి చూశాను. స్వరాలన్నీ పడుతున్నాయి, పాట మాత్రం రావట్లేదు. టైపు మిషను కొట్టినట్టు టకటకమని మీటు వినిపిస్తోంది తప్ప గెంతాలనిపించట్లేదు. యూట్యూబులో వీణ కవర్లు కొన్ని విన్నాను. చాలావాటిలో జరిగేది ఒకటే. అసలు పాట తాలూకు వాద్యాలన్నీ కరోకే ట్రాకులో అలాగే ఉంటాయి, పాడే గొంతు ఒక్కటి తీసేసి ఆ ఖాళీలో వీణ కూర్చోబెడతారు. మొదటి లైనుకి "భలే" అనిపిస్తుంది, పల్లవి రెండోసారి వచ్చేసరికి చెయ్యి ఫోను మీదకి పోతుంది.

అదే ఫిన్లాండులో అపోకలిప్టికా అని చెల్లోలు (పెద్ద వయొలిన్ లాంటివి) వాయించే నలుగురు, 1996లో మెటాలికా అనే మెటల్ రాక్ బ్యాండు పాటలతో ఏకంగా ఆల్బమే చేశారు. అందులో గిటారు లేదు, డ్రమ్ము లేదు, పాడేవాళ్ళు లేరు. అయినా ఒక్కచోట కూడా వెలితి తెలియదు. వాళ్ళకి కుదిరింది మనకెందుకు కుదరదు? పాటలో ఏదైనా మార్చాలా, వాయించే తీరు మార్చాలా?

నాకున్న సరంజామా: వీణ, కహాన్ అనే దరువు పెట్టె వాయించే ఒక కొలీగు, అరకు నుంచి వచ్చిన ల్యాబ్ టెక్నీషియను. ఆ అబ్బాయి ఇంట్లో అందరూ థింసాకి వాయించేవాళ్ళే. తుడుము అనే డోలు, మోరి అనే ఊదే వాద్యం తెస్తానంటున్నాడు. కరోకే ట్రాకు మాత్రం వద్దు, అదొక్కటే నా పట్టు.

జగదాంబ_జంక్షన్

అక్కా, వీణ పక్కనపెట్టి స్టెప్పులేసెయ్యండి, గొడవుండదు 😄 సరదాకి అన్నాను. వీడియో మాత్రం ఇక్కడ పెట్టాలి.

ఉక్కునగరం_క్లారినెట్

అమ్మా, స్టీలు ప్లాంటులో చేసి రిటైరయ్యాను. ముహూర్తాల రోజుల్లో డ్యూటీ లేకపోతే గాజువాకలో ఒక బ్యాండు మేళంతో క్లారినెట్టు ఊదేవాణ్ణి. మీరు కవర్లంటున్నవి మాకు పెళ్ళి ఊరేగింపులో రోజువారీ పని. సినిమా వచ్చిన వారానికల్లా పెళ్ళికొడుకు ఫ్రెండ్సు ఆ పాటే కావాలంటారు. మాదగ్గర మాట లేదు, పాడేవాడు లేడు. రెండు క్లారినెట్లు, రెండు ట్రంపెట్లు, బొంగురు గొంతు యుఫోనియం ఒకటి, డ్రమ్ములు, తాళాలు. అంతే.

అందుకని పాట చేతికి రాగానే మేం చూసేది ఒకటే: మాటలు తీసేస్తే ఇందులో ఏటి మిగుల్తాది?

మిగిలేది ఒక్కో పాటకి ఒక్కోలా ఉంటుంది. యుగళగీతమైతే సులువు. ఆవిడ లైను క్లారినెట్టుకి, ఆయన లైను ట్రంపెట్టుకి ఇచ్చేస్తే చాలు, మాట లేకపోయినా ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నారని జనానికి తెలిసిపోతుంది. ఏకగళమైతేనే తిప్పలు. పైగా క్లారినెట్టుకి ఒక పేచీ ఉంది. వేణువు గట్టిగా ఊదితే అదే వేళ్ళకి పై సా పలుకుతుంది. క్లారినెట్టు అలా కాదు. వెనక బొటనవేలి మీట నొక్కితే పై సా దాటుకుని ఏకంగా పై పంచమంలో పడుతుంది. ఆ మధ్యలో వేళ్ళన్నీ ఒక్కసారి మారే చోటొకటుంది. ట్యూను పదేపదే అక్కడే తచ్చాడితే రోడ్డు మీద నడుస్తూ ఊదడం నరకం. శృతి దించడమో పెంచడమో చేసి పాటని ఆ గండం తప్పించేవాళ్ళం. ఆ కాస్త మార్పుకే పాట స్వభావం మారిపోయేది, ఒక్కోసారి అసలు కంటే బాగుండేది కూడా!

ఇప్పుడు మీ సంగతి. నాటు నాటులో స్వరం పెద్దగా ఊరు తిరగదు, కాస్త మేరలోనే ఉంటుంది. దాని బలమంతా మాట విరుపులో, 6/8 దరువులో ఉంది. "టు" మీద పడే దెబ్బ నాలుకకి వచ్చినట్టు మీటుకి రాదు. కాబట్టి పాడినదాన్ని పాడినట్టే వీణలో దింపితే మీరన్న టకటకే వస్తుంది. మీ చేతిలో లోపమేం లేదమ్మా.

అపోకలిప్టికా వాళ్ళ చెల్లోకి కమాను ఉంది. స్వరాన్ని ఎంతసేపైనా ఈడుస్తుంది, గట్టిగా నొక్కితే రాక్ గిటారులా గరగరలాడుతుంది. మెటల్ పాటకి కావలసింది ఆ రెండే. వీణకి కమాను లేదు, మీటిన క్షణం నుంచి నాదం తరుగుతూనే ఉంటుంది. మరి వీణకేముంది? మెట్టు మీద తీగని పక్కకి లాగితే స్వరం జారుతుంది, ఒక్క మీటుకే మూడు నాలుగు స్వరాలు పలుకుతాయి. ఆ గమకం పలకాలంటే వ్యవధి కావాలి. ఈ పాట దాని స్పీడులో వ్యవధి ఇవ్వదు.

అందుకని నెమ్మది చేసెయ్యండి. కొంచెం కాదు, మూడో వంతుకి దించండి. ఆరు లెక్కల దరువుని అంత కిందికి దించితే గెంతుడు పోయి ఊపు వస్తుంది, ఉయ్యాల ఊపు. మా అమ్మ జోల పాడినా అదే నడక. పల్లవిని లాలిపాటలా, ఒక్కో స్వరాన్నీ లాగి జార్చి వాయించండి. మూడు తాళపు తీగలున్నాయి కదా, చిటికెన వేలితో ఒకటో లెక్క మీద, నాలుగో లెక్క మీద మీటండి. కహాన్ అబ్బాయి కూడా అక్కర్లేదు అప్పటికి. హాల్లో వాళ్ళకి ఏం పాటో పట్టుకోడానికి కాస్త టైము పడుతుంది, పట్టుకున్నాక నవ్వుతారు చూడండి. గొప్ప నవ్వు అది.

చెల్లో అంటే ఫిన్లాండు దాకా వెళ్ళాలి గానీ, మన పాలకొల్లు శ్రీనివాస్ గారు ఏం చేశారు? మాండలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి. దాని మీద కర్ణాటక గమకం పట్టడం కష్టమని జతలు తీసేసి, ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. రాగాన్ని వాద్యం కోసం కుదించలేదాయన, వాద్యాన్నే రాగానికి లొంగదీశారు. మీకు వీణ మార్చే వీల్లేదు, ఒకే దుంగది. అందుకే పాటని లొంగదీయమంటున్నాను.

కచేరీ_దొండపర్తి

ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటాను. వీణకి ఈ ఖర్మ ఎందుకు? జనం కొత్తగా ఉందని చప్పట్లు కొడతారు, బాగుందని కాదు. ఆ కొత్తదనం అరనిమిషం. కళాభారతిలో వీణ కచేరీ పెడితే ముందు వరసలు కూడా నిండవు. ఇదే జనం ఆఫీసు ఫంక్షన్లో ఈలలు వేస్తారు. అందులో వీణకి దక్కేదేముంది?

మృదంగం_సీతమ్మధార

బాబాయ్ గారూ, అరనిమిషం మాట ఒప్పుకుంటాను. ఖర్మ మాటే ఒప్పుకోను. ముత్తుస్వామి దీక్షితర్ నొట్టుస్వరాలు ఏమిటి మరి? ఇంగ్లీషువాళ్ళ బ్యాండు ట్యూన్లకి సంస్కృత సాహిత్యం కట్టాడాయన. "సంతతం పాహిమాం" వరస వాళ్ళ రాజుగారి గీతం "గాడ్ సేవ్ ద కింగ్". చిన్నపిల్లలకి ఈనాటికీ నేర్పుతున్నాం. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ తెల్లవాళ్ళ ఫిడేలు నేర్చి మన సంగీతంలోకి తెచ్చాడు. అప్పుడు కూడా ఎవరో ఒకరు ఖర్మ అనే ఉంటారు. ఆ ఫిడేలు మీదే కదా మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరాన్ని, విశాఖనీ ఏలింది.

వీణ అక్కకి ఇంకో ఉదాహరణ. లాహోరులో సినిమాలు తగ్గిపోయి, స్టూడియో వాద్యగాళ్ళు పనుల్లేకుండా ఉన్నప్పుడు సచల్ స్టూడియోస్ వాళ్ళని పోగేసింది. 1959 నాటి జాజ్ పాట "టేక్ ఫైవ్"ని సితారు, తబలా, వయొలిన్లతో వాయించారు. అది ఐదు లెక్కల పాట. జాజ్ వాళ్ళకి ఐదు వింత, మనకి ఖండచాపు. మనం 2+3గా విరుస్తాం, ఆ పాట 3+2గా విరుగుతుంది, అంతే తేడా. అక్కడ తబలాని అలంకారానికి పెట్టలేదు, ఆ లెక్క తబలా వాయించేవాడి రక్తంలోనే ఉంది. మీ అరకు అబ్బాయి విషయంలో నేను చూసేదీ ఇదే. నాటు నాటు దరువు వాయించమని అతనికి నేర్పకండి. థింసాకి అతను వాయించేదే వాయించమని, దాని మీద పాట ఎక్కడ కూర్చుంటుందో మీరు వెతకండి.

మాస్టారి లాలిపాట ఆలోచన బ్రహ్మాండం. ఒక్క మనవి. చివర్లో స్పీడు పెంచి అసలు దరువులోకి రావద్దు. యూట్యూబులో నూటికి తొంభై మంది చేసేది అదే. నెమ్మదిగా మొదలుపెట్టడం, చివర్లో దంచెయ్యడం.

ఉక్కునగరం_క్లారినెట్

సీతమ్మధార బాబూ, నువ్వు కూర్చున్న జనం ముందు వాయిస్తావు, నేను నిలబడ్డ జనం ముందు వాయించాను. ఆఖర్న దంచకపోతే పెళ్ళికొడుకు ఫ్రెండ్సు ఊరుకోరు. ఆఫీసు వాళ్ళు కూడా ఊరుకోరనే నా లెక్క.

కాపీరైట్_కష్టాలు_మధురవాడ

రంగం వేరు గానీ పనికొస్తుందని రాస్తున్నాను. నాకు చిన్న కవర్ల ఛానెల్ ఉంది.

వేదిక మీద వాయించడానికి భయం లేదు. టికెట్టు లేని జనం ముందు ఔత్సాహిక క్లబ్బో సంఘమో వాయిస్తే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో మినహాయింపు ఉంది. మీ కంపెనీ క్లబ్బు పేరు మీద పెడితే సరి. వీడియో పెడితేనే కథ మొదలవుతుంది. యూట్యూబులో పాటల్ని పట్టే కంటెంట్ ఐడీ అనే సాఫ్ట్‌వేర్ ట్యూనుని కూడా పోల్చుకోగలదు, క్లెయిమ్ పడితే ప్రకటనల డబ్బు సాధారణంగా హక్కుదారుకి పోతుంది. డబ్బు మీద ఆశ లేకపోతే పట్టించుకోనక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, హక్కుదారు అనుమతి లేకుండానే రాయల్టీ కట్టి కవర్లు రికార్డు చేసుకోడానికి 2012లో చట్టంలో 31సి అని ప్రత్యేకంగా ఒక సెక్షనే చేర్చారు. మొదటి రికార్డింగు జరిగిన సంవత్సరం ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆగాలి. నాటు నాటు విడుదలైన 2021నే లెక్కవేసినా 2026 ముగిసేదాకా ఆ దారి తెరుచుకోదు. ఆపైన ఏడాదికి కనీసం 50,000 కాపీలకి రాయల్టీ ముందే కట్టాలి. అన్నిటికన్నా పెద్ద పేచీ, రికార్డింగుకి సాంకేతికంగా అవసరమైతే తప్ప, అంతకుముందు హక్కుదారు ఒప్పుకోని మార్పు పాటలో చెయ్యకూడదు. అంటే ఉన్నదున్నట్టు దింపేవాడికే ఆ దారి. మాస్టారు చెప్పినట్టు లాలిపాట చేస్తే హక్కుదారుని విడిగా అడుక్కోవాల్సిందే. చట్టం రాసినవాళ్ళు కరోకే కవర్లే విన్నట్టున్నారు.

వీణ_ఎంవీపీకాలనీ

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. మాస్టారూ, నిన్న రాత్రి మీరు చెప్పిన స్పీడుకి దించి వాయించాను. పక్క గదిలోంచి మావారు "ఏ సినిమాలోది, పాతదా?" అన్నారు. పాట తెలిసిన మనిషే! పల్లవి చివరి స్వరాన్ని లాగి వదిలితే కొంచెం బెంగగా వస్తోంది, ఆ పాటలో అది ఉందని నాకిన్నాళ్ళూ తెలియదు. తాళపు తీగలు ఒకటి, నాలుగు లెక్కల మీద చక్కగా కూర్చున్నాయి. చరణం మాత్రం ఈ స్పీడులో సాగదీతగా ఉంది, అది తీసేస్తున్నాను. దాని బదులు పల్లవే మంద్రంలో ఒకసారి, పై స్థాయిలో ఒకసారి.

కచేరీ బాబాయ్ గారూ, వీణకి ఏం దక్కుతుందో చెప్పలేను. కళాభారతిలో ముందు వరస ఖాళీగా ఉందన్నారు, ఈసారి నన్ను పిలవండి, వస్తాను.

చివర దంచాలా వద్దా అన్నది తేల్చేశాను. దంచను, మాస్టారు క్షమించాలి. వీణ నెమ్మదిగానే ఉంటుంది. రెండో నిమిషంలో తుడుము తన థింసా నడకతో లోపలికి వస్తుంది, నేను స్పీడు పెంచను. రెండూ పక్కపక్కన నడవాలి. కుదురుతుందో లేదో శనివారం రిహార్సల్లో తేలుతుంది. ఋషికొండ దగ్గర బీచ్ రోడ్డు మీద లాన్లో స్టేజీ అట. సౌండు సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి. మోరికీ వీణకీ శృతి ఎలా కలపాలి?

మైకు_సెట్_మర్రిపాలెం

లాన్లో మామూలు మైకు వీణ ముందు పెట్టకండి మేడమ్. సముద్రపు గాలి హోరు వస్తుంది, వాల్యూమ్ పెంచితే కూత వస్తుంది. వీణ పొట్టకి, తీగలు ఆనే గుర్రం పక్కన అంటించే కాంటాక్ట్ మైకు అడగండి. అంటించిన చోట పాలిష్ పోకుండా ముందు ఒక టేపు వేసుకోండి. తుడుముకి అసలు మైకే వద్దు. దాన్ని స్టేజీకి ఒక చివర కూర్చోబెట్టండి, వీణకి దూరంగా. వాయించడం అయ్యాక తీగలు పొడిగుడ్డతో తుడవండి, ఉప్పుగాలికి తుప్పు పడతాయి.

ఉక్కునగరం_క్లారినెట్

దంచనంటే సరేనమ్మా, మీ పాట మీ ఇష్టం. మోరి ఊదే వాద్యం, దాని శృతి దానిదే, మార్చలేం. వీణే దాని దగ్గరికి రావాలి. ముందు అతన్ని ఒక్క స్వరం పట్టమనండి, మీ సారణి (వీణ మొదటి తీగ) దానికి కలపండి. అది మీ మామూలు శృతి కన్నా పైనుంటే తీగ బిగించకండి, తెగుతుంది. ఆ స్వరాన్ని పంచమం అనుకుని సా కిందికి దించుకోండి. ఆరుబయట గాలికి శృతి కదులుతుంది, స్టేజీ ఎక్కే ముందు ఇంకోసారి చూసుకోండి. శనివారం రిహార్సల్ ఎక్కడో చెప్తే నేనూ వస్తాను, క్లారినెట్టు తేనులెండి.