తిప్పతీగ టీ రోజూ తాగొచ్చా?

ఇంటిపంట:
మా మామయ్యగారికి షుగర్ ఉంది, బిళ్లలు వేసుకుంటారు. కరోనా అప్పటి నుంచి పొద్దున్నే తిప్పతీగ ముక్కలు మరిగించి టీలాగా తాగుతున్నారు. లివర్‌కు మంచిది కాదని విన్నానంటే, "మన పెద్దలు తాగిందేగా" అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే వాదన. మీరేమంటారు?

మెట్టరైతు:
మా పొలం గట్టున వేపచెట్టుకు అల్లుకుని ఉంటుంది అమ్మా. జ్వరమొస్తే మా ఇంట్లో ముందు అదే. తిప్పతీగ తాగి లివర్ పోయినవాళ్లను మా ఊళ్లో ఎవరినీ చూడలేదు. ఊరికే దొరికే మందు మీద ఇలాంటి మాటలు వస్తే నాకు అనుమానమే.

కషాయం_కబుర్లు:
రైతన్నా, పెద్దలు తాగిన మాట నిజమే. ఎలా తాగారన్నదే నా ప్రశ్న. జ్వరం వచ్చినప్పుడు తాగారు, పత్యం పాటించారు, తగ్గగానే ఆపేశారు. ఒంట్లో ఏ బాధా లేకుండా ఏళ్ల తరబడి కాఫీకి బదులు తాగడం మన ఊళ్ల అలవాటు కాదు. ఆయుర్వేదంలో కూడా వేడినీళ్లలో నానబెట్టి వడకట్టే ఫాంటం వేరు, నీళ్లు ఎనిమిదో వంతుకో నాలుగో వంతుకో ఇగిరేదాకా మరిగించే కషాయం వేరు. ఇప్పుడు చాలామంది కషాయమంత చిక్కగా కాచి, దానికి టీ అని పేరు పెట్టి, రోజూ తాగుతున్నారు. నాకు భయం అక్కడే.

లివర్ గురించి వచ్చింది పుకారు కాదు. తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న 6 కేసులను 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. 2022లో దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది వివరాలు వచ్చాయి. చాలామందిలో రోగనిరోధక వ్యవస్థ సొంత లివర్ మీదే దాడి చేసే లక్షణాలు కనిపించాయి. ఇమ్యూనిటీ పెంచుతుందనే కదా అందరం తాగింది! లోపల అలాంటి జబ్బు బయటపడకుండా ఉన్నవాళ్లకు ఆ గుణమే ముప్పు కావచ్చు.

మెట్టరైతు:
ఆయుష్ శాఖ దీన్ని ఒప్పుకోలేదు కదా? అది వేరే తీగ అయి ఉంటుందన్నారు. కాండం నిండా బొడిపెలుండే జాతి ఒకటుంది, తెలియనివాళ్లు అదీ ఇదీ ఒకటే అనుకుంటారు. అసలు తిప్పతీగ ఆకు హృదయాకారంలో ఉంటుంది, కాండం మీద కాగితం లాంటి పొర ఊడొస్తుంది, పైనుంచి దారాల్లా వేర్లు వేలాడతాయి.

కషాయం_కబుర్లు:
మీరు చెప్పిన గుర్తులు అందరూ తెలుసుకోవాల్సినవే. ఆయుష్ అభ్యంతరమూ నిజమే. అయితే 2022లో ఆ పరిశోధకులు కొన్ని తిప్పతీగ నమూనాలు సేకరించి పరీక్షించారు, లివర్ దెబ్బతినడానికి వాటిలో వేరే కారణమేదీ దొరకలేదు. ఇంకో సంగతి. 2020 అక్టోబరులో ఆయుష్ ఇచ్చిన కోవిడ్ ప్రోటోకాల్‌లోనే తిప్పతీగకు 15 రోజులు లేదా ఒక నెల అని గడువు రాశారు. సురక్షితమని చెప్పే శాఖే హద్దు పెట్టినప్పుడు, మనం ఏళ్ల తరబడి తాగడం ఎందుకు?

ఇంటిపంట గారూ, మీ మామయ్యగారి విషయంలో లివర్ కంటే ముందు చూడాల్సింది షుగర్. తిప్పతీగ కూడా షుగర్ తగ్గించవచ్చు. బిళ్లకు అది తోడైతే షుగర్ బాగా పడిపోయి చెమటలు, కళ్లు తిరగడం రావచ్చు. బిళ్లలు రాసిన డాక్టరుకు ఈ టీ సంగతి చెప్పారా? చాలామంది ఇది మందు కాదులే అని చెప్పరు.

ఇంటిపంట:
చెప్పలేదండి. మరి తంగేడు పూల టీ తాగమందామా?

కషాయం_కబుర్లు:
తంగేడును కూడా మన పల్లెల్లో షుగర్‌కే వాడతారు కదండీ, కాబట్టి అదే జాగ్రత్త. ఒకటి మాన్పించి ఇంకొకటి అలవాటు చేయకండి. వేడిగా ఏదో ఒకటి తాగాలనిపిస్తే నాలుగు తులసాకులు, చిన్న అల్లం ముక్క పలచగా కాచి ఇవ్వండి.

మెట్టరైతు:
జ్వరానికి నేను మాననమ్మా, మా అమ్మ ఇచ్చిన మందు అది. లివర్ సంగతి కూడా నాకింకా నమ్మకం కుదరలేదు. కానీ ఏ జబ్బూ లేకుండా రోజూ తాగడం మాత్రం మా ఊళ్లో నేనెప్పుడూ చూడలేదు, అది నిజం.

కషాయం_కబుర్లు:
ఇంటిపంట గారూ, ఈ వారంలోనే లివర్ పరీక్ష చేయించండి. ఈలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అన్నం సహించకపోయినా టీ వెంటనే ఆపేసి, మిగిలిన తీగ ముక్కలు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. అది ఏ తీగో తేల్చడానికి పనికొస్తాయి.