1942 విశాఖ బాంబుదాడి జ్ఞాపకాలపై పీహెచ్‌డీ: నలభై దాటాక చేరవచ్చా?

ప్రశ్న:
నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. వయసు 42. చరిత్రలో ఎంఏ చేసి పద్దెనిమిదేళ్లయింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసిన రోజును మా నాయనమ్మ చివరిదాకా తలచుకునేది: బండిలో వంటపాత్రలు, వాటిమీద పిల్లలు, తాళం వేయడం మరిచిపోయిన ఇల్లు. జపానువాళ్లు భీమిలిలో దిగారని కూడా చెప్పేది, అది జరగలేదు. ఉద్యోగం వదలకుండా ఈ జ్ఞాపకాలపై పరిశోధన చేయవచ్చా? తప్పులున్న మాట ఆధారమవుతుందా?

జవాబు 1:
పీహెచ్‌డీ ప్రవేశానికి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) వయోపరిమితి పెట్టలేదు. పరిశోధకులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) భృతికే వయసు అడ్డొస్తుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పార్ట్‌టైమ్‌గా చేరవచ్చు, కానీ మీ శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తప్పనిసరి. ముందు ఎంఏలో 55 శాతం ఉందో లేదో చూసుకోండి.

జవాబు 2:
భీమిలి మాటను తప్పని పక్కన పెట్టకండి, మీ పరిశోధనకు అదే కేంద్రం కావచ్చు. దాడికి రెండు వారాల ముందు, మార్చి 23న, అండమాన్ జపాన్ చేతికి చిక్కింది; రంగూన్ అప్పటికే పడిపోయింది, అక్కడి తెలుగువాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగివస్తున్నారు; ఆ ఏప్రిల్‌లోనే మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాలను తీరం నుంచి లోపలికి తరలించింది. సర్కారే కదిలిపోతుంటే, శత్రువు ఒడ్డుకు దిగాడన్న మాటను నమ్మకుండా ఉండడానికి సామాన్యుల దగ్గర ఏముంది? ఏం జరిగిందో దస్త్రాల్లో వెతకండి, ఏం జరిగిందని జనం అనుకున్నారో ఇళ్లలో అడగండి. విశాఖ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి దస్త్రాల కోసం చెన్నైలోని ఎగ్మోర్ ఆర్కైవ్స్‌కు వెళ్లక తప్పదు. పాత పత్రికలు చదివేటప్పుడు మాత్రం యుద్ధకాలపు సెన్సారు ఉండేదని గుర్తుంచుకోండి. అచ్చుకాని సంగతి జరగని సంగతి కాదు.

జవాబు 3:
సీటు సంగతి తర్వాత చూడవచ్చు. ఆనాటి పదేళ్ల పిల్లలకు ఇప్పుడు తొంభై దాటాయి. అప్పటి జపాన్ బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో భద్రంగానే ఉంది. మనుషులు అలా ఉండరు. ముందు రికార్డు చేయండి. సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోండి, లేకపోతే రేపు పరిశోధనకు అనుమతిచ్చే ఏ నైతిక కమిటీ దగ్గరో ఆ రికార్డింగులు చిక్కుకుపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఎంఏలో 58 శాతం వచ్చింది. మా పెద్ద మేనత్తకు అప్పుడు ఎనిమిదేళ్లు, ఆ బండిలో పాత్రలమీద కూర్చున్నది ఆవిడే. ఆదివారం వెళ్తున్నాను. తాళం సంగతి, భీమిలి సంగతి నేనుగా ఎత్తను. ఆవిడ నోట వస్తాయో రావో చూస్తాను.